ఎరుపు సముద్రశైవలాల బహుశర్కరలు: ప్రవాహగుణం, విచ్ఛేదనం – విశాఖ తీరం నేపథ్యంగా ఒక వివరణ

వ్యాస సంగ్రహం

విశాఖపట్నం రాతితీరంలో పెరిగే ఎరుపు శైవలాల్లో అగర్, కారజీనన్ తరగతులకు చెందిన బహుశర్కరలు ఉంటాయి. వీటి ద్రావణపు చిక్కదనం, అది గడ్డకట్టే శక్తి రెండు వేర్వేరు గుణాలు. మొదటిది ప్రధానంగా అణుగొలుసు పొడవును, రెండవది గొలుసు ఆకృతిని తెలియజేస్తాయి. గొలుసు తెగినప్పుడు ఈ రెండూ ఒకే తీరున తగ్గవు. ఈ భేదాన్ని తెలుగు పారిభాషిక పదాల చర్చతో కలిపి వివరించి, ఆహారభద్రత వివాదంలోనూ తీరప్రాంత జీవనోపాధిలోనూ దానికున్న ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఎరుపు శైవలాలు, అగర్, కారజీనన్, స్నిగ్ధత, కాంజికాభం, జలవిశ్లేషణ, విశాఖ తీరం.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ తీరరేఖలో అధికభాగం ఇసుక, ఒండ్రు. సముద్రశైవలాల్లో చాలావాటికి నేలలో పాతుకునే వేళ్లు ఉండవు. అవి రాతిని కరచుకొని బతుకుతాయి. అందువల్ల కృష్ణా, గోదావరి డెల్టాల తీరం వాటికి అంతగా అనుకూలించదు. తూర్పు కనుమల కొండలు సముద్రాన్ని తాకే విశాఖపట్నం, భీమునిపట్నం ప్రాంతం ఇందుకు భిన్నం. ఇక్కడి ఖోండలైట్ రాళ్ల మీద ఆటు సమయంలో ఎర్రటి, ఊదారంగు, ఒక్కోచోట దాదాపు నల్లటి కుచ్చులు బయటపడతాయి. వ్యవహారంలో ఇదంతా 'నాచు', 'పాచి'. వృక్షశాస్త్రం వీటిలో రోడోఫైటా వర్గానికి చెందినవాటిని ఎరుపు శైవలాలుగా వేరుచేస్తుంది.

ఈ తీరం శాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖకు చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖ తీరంలో ఆటుపోట్ల మధ్య పెరిగే శైవలాలపై చేసిన అధ్యయనం 1964లో 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో వెలువడింది. 1970లో ఇక్కడి సముద్రశైవలాల వివరణాత్మక పట్టిక లండన్ లిన్నియన్ సొసైటీ వారి వృక్షశాస్త్ర పత్రికలో అచ్చయింది. గ్రాసిలేరియా, జెలిడియం, హిప్నియా, గ్రాటెలూపియా, పోర్ఫిరా వంటి ఎరుపు ప్రజాతులు ఈ తీరంలో పెరుగుతాయి. వీటిలో మొదటి రెండూ అగర్‌ను ఇచ్చే కుటుంబాలవి. హిప్నియాలో కప్పా రకపు కారజీనన్ ఉంటుంది.

తెలుగు శాఖలో పనిచేసేవారికి ఈ విషయంతో ఏం పని అనే ప్రశ్న సహజం. ఈ రంగంలో జరిగిన ఒక పెద్ద వివాదానికి మూలం రెండు పదార్థాలను ఒకే పేరుతో పిలవడం. ఒక కొలతకు అర్థం తెలియాలంటే చిక్కదనం, జిగురు, గడ్డకట్టడం అనే మాటల మధ్య ఉన్న దూరం తెలియాలి. అది భాషావిషయమూ అవుతుంది.

2. స్నిగ్ధత, గంజి, పాకం

ద్రవం ప్రవహించేటప్పుడు దాని పొరల మధ్య కలిగే అంతర్గత ఘర్షణకు మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు వాడే మాట 'స్నిగ్ధత'. సంస్కృతంలో స్నిగ్ధం అంటే నూనె పూసినట్లున్నది, నునుపైనది, స్నేహం కలది. మెత్తగా జారేదన్న స్ఫురణనిచ్చే ఈ మాటను జారకుండా అడ్డుకునే గుణానికి పెట్టడం కొంత విచిత్రమే. మాట స్థిరపడింది కనుక ఈ వ్యాసమూ దాన్నే వాడుతుంది. అయితే తెలుగు విద్యార్థికి 'చిక్కదనం' అన్నప్పుడు కలిగే బోధ దీనితో కలగదన్నది నా అభిప్రాయం.

మరో మాట దీనికంటే అదృష్టం చేసుకున్నది. 1861లో థామస్ గ్రాహమ్ జిగురుకు సంబంధించిన గ్రీకు పదం నుంచి 'కొల్లాయిడ్' అనే పేరు కల్పించాడు. తెలుగులో దానికి వచ్చిన సమానార్థకం 'కాంజికాభం'. కాంజికం అంటే గంజి, కచ్చితంగా చెప్పాలంటే పులిసిన గంజి. గ్రీకు మాట జిగురును చూపితే తెలుగు మాట వంటింటిని చూపింది. గంజి నిజంగానే నీటిలో విస్తరించిన బహుశర్కర. నిలవ ఉంచిన గంజి పులిసి పలుచబడటం అందరూ ఎరిగినదే. సూక్ష్మజీవుల ఎంజైములు పిండిపదార్థపు గొలుసులను తెంచడం అందుకు ఒక కారణం. ఒక బహుశర్కర ప్రవాహగుణమూ దాని విచ్ఛేదనమూ ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

పాకం సంగతి వేరు. లేతపాకం, తీగపాకం, ఉండపాకం అనే వరుస చక్కటి ప్రవాహమాపకమే. వేళ్ల మధ్య సాగే తీగ దానికి కొలబద్ద. కానీ అక్కడ చిక్కదనం పెరిగేది నీరు ఆవిరై చక్కెర పాలు పెరగడం వల్ల. చక్కెర అణువు చిన్నది. ద్రావణంలో సగానికిపైగా తానే ఉంటే తప్ప అది చిక్కదనాన్ని ఇవ్వలేదు. కారజీనన్ నూటికి ఒక పాలు చాలు, నీటి నడకే మారిపోతుంది. చాక్లెట్ పాలలో కోకో పొడి అడుగుకు చేరకుండా నిలపడానికి నూటికి 0.02 నుంచి 0.03 పాళ్లు సరిపోతాయి. అక్కడ పాలలోని కేసీన్ ప్రోటీన్ కూడా తోడవుతుంది. రాశి తక్కువైనా ప్రభావం ఇంత ఎక్కువగా ఉండటానికి కారణం అణువు పొడవు.

3. గొలుసు, వంతెన, పురి

అగర్, కారజీనన్ రెండూ గాలక్టోజ్ అనే చక్కెర కణుపులతో అల్లిన గొలుసులు. కణుపులు రెండేసి జంటలుగా పునరావృతమవుతాయి. ప్రతి జంటలో ఒక కణుపు సాధారణ గాలక్టోజ్. రెండవదానిలో చాలాచోట్ల 3, 6 స్థానాల్లోని కార్బన్ల మధ్య ఆక్సిజన్ వంతెన ఏర్పడి ఉంటుంది. దీన్ని 3,6-అన్‌హైడ్రోగాలక్టోజ్ అంటారు. అగర్‌లో ఈ రెండవ కణుపు ఎల్-రూపంలోనూ, కారజీనన్‌లో డి-రూపంలోనూ ఉంటుంది. ఆ ఒక్క దిశాభేదం రెండు పదార్థాలను వేరుచేసింది.

రెండవ భేదం సల్ఫేట్. అగర్‌లోని అగరోజ్ అనే భాగంలో సల్ఫేట్ దాదాపు ఉండదు. కారజీనన్‌లో జంటకు ఒక సల్ఫేట్ ఉంటే కప్పా, రెండుంటే అయోటా, మూడుంటే లామ్డా. సల్ఫేట్ రుణావేశం కలది. గొలుసులను పరస్పరం దూరంగా నెట్టి, నీటిని పట్టి ఉంచుతుంది. లామ్డాలో సల్ఫేట్ ఎక్కువ, వంతెన లేదు. కనుక అది చిక్కబడుతుంది కానీ గడ్డకట్టదు. కప్పా పొటాషియం అయాన్ల సమక్షంలో గట్టిగా, పెళుసుగా గడ్డకడుతుంది. అయోటా కాల్షియంతో మెత్తగా, సాగేలా గడ్డకడుతుంది.

గడ్డకట్టడమంటే ఏమిటి? వేడి ద్రావణంలో గొలుసులు అస్తవ్యస్తపు చుట్టలుగా ఉంటాయి. చల్లారేకొద్దీ రెండేసి గొలుసులు పురిపెట్టిన తాడులా పెనవేసుకుంటాయి. ఆ పురులు గుంపులుగా చేరి వల అవుతాయి. నీరు అందులో చిక్కుతుంది. వంతెన గల కణుపు గొలుసును వంచి పురికి అనువైన ఆకృతినిస్తుంది. అంటే గడ్డకట్టే శక్తి వంతెన మీద ఆధారపడి ఉంది.

పురులు గుంపుగా చేరడం వల్ల అగర్‌కు ఒక వింత లక్షణం వచ్చింది. అది సుమారు 35–40 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. కరగాలంటే మాత్రం 85 డిగ్రీల దాకా వేడిచేయాలి. గడ్డకట్టే దారి, కరిగే దారి ఒకటి కావు. 1881–82 ప్రాంతంలో రాబర్ట్ కాఖ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల పెంపకానికి జెలాటిన్ బదులు అగర్‌ను వాడాలన్న సూచన ఫానీ ఏంజెలీనా హెసెది. వంటింటి అనుభవంతో ఆమె చేసిన సూచన అది. 37 డిగ్రీల వద్ద జెలాటిన్ కరిగిపోతుంది, అగర్ కరగదు. మన ఇళ్లలో చైనా గ్రాస్ పేరుతో కొని, ముర్రుపాలు లేకుండానే జున్ను చేసుకునే పదార్థం కూడా ఈ అగరే.

4. పలుచబడటం రెండు విధాలు

ద్రావణం పలుచబడినట్లు కనిపిస్తే అది ఏ విధమైన పలుచదనమో ముందుగా తేల్చుకోవాలి.

మొదటిది తాత్కాలికం. న్యూటన్ 1687లో ప్రతిపాదించిన భావన ప్రకారం విరూపణ ప్రతిబలం ప్రవాహపు వేగప్రవణతకు అనుపాతంలో ఉంటుంది. నీరు, పాకం ఈ నియమాన్ని పాటిస్తాయి. కారజీనన్ ద్రావణం పాటించదు. వేగంగా కలిపితే చిక్కుపడిన గొలుసులు విడివడి ప్రవాహదిశలో సాగుతాయి, స్నిగ్ధత తగ్గుతుంది. కలపడం ఆపితే మళ్లీ చిక్కుపడి పూర్వస్థితికి వస్తాయి. టూత్‌పేస్ట్ నొక్కితే గొట్టం నుంచి జారి, బ్రష్ మీద కారకుండా నిలబడటంలో ఇటువంటి జిగుర్ల పాత్ర ఉంది. ఇటువంటి నడవడిని పరిశీలించే శాస్త్రానికి యూజీన్ బింగమ్ 'రియాలజీ' అని పేరుపెట్టాడు. దాని పేర 1929లో అమెరికాలో ఒక సంఘమే ఏర్పడింది. మనం 'ప్రవాహశాస్త్రం' అనవచ్చు.

రెండవది శాశ్వతం. గొలుసు మధ్యలో తెగితే తిరిగి అతుక్కోదు. ఈ రెంటినీ వేరుచేసే పద్ధతి సరళమైనది: కలిపే వేగాన్ని క్రమంగా పెంచుతూ స్నిగ్ధతను కొలిచి, మళ్లీ తగ్గిస్తూ కొలవాలి. కొంత విరామమిచ్చిన తరువాత తొలి విలువ తిరిగివస్తే అది ప్రవాహగుణం. రాకపోతే గొలుసు తెగిందని అనుమానించాలి.

తెగింపు ఎంత చిన్నదైనా స్నిగ్ధతలో ఎంత పెద్దగా కనిపిస్తుందో ఒక లెక్కతో చూద్దాం. అణుభారం 4 లక్షల డాల్టన్లు గల కప్పా కారజీనన్ గొలుసులో ఒక్కో జంట సుమారు 400 డాల్టన్లు అనుకుంటే, జంటలు దాదాపు 1000, కణుపులు 2000. గొలుసుకు సగటున ఒక్క చోట, అంటే దాదాపు 2000 బంధాల్లో ఒక్కటి తెగితే సగటు పొడవు సగమవుతుంది. గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడే గాఢతలో పొడవైన అణువుల స్నిగ్ధత అణుభారపు 3.4వ ఘాతాన్ని అనుసరిస్తుందన్నది ప్రవాహశాస్త్రంలో ప్రసిద్ధ నియమం. 2 యొక్క 3.4వ ఘాతం 10కి కాస్త ఎక్కువ. ఆవేశం గల గొలుసుల్లో ఈ ఘాతం కొంత మారవచ్చు. అయినా ఈ లెక్కన రెండువేలలో ఒక బంధం తెగితే చిక్కదనం పదోవంతుకు పడిపోతుంది. పలుచటి ద్రావణంలో ఇంత పతనం ఉండదు, సుమారు సగానికి తగ్గుతుంది. రసాయన విశ్లేషణలో మాత్రం ఏమీ కనిపించదు. చక్కెర శాతం అదే, సల్ఫేట్ శాతం అదే.

గడ్డ గట్టిదనం ఇలా స్పందించదు. పురి వేయడానికి చాలినంత పొడవు మిగిలి ఉన్నంతకాలం గడ్డ దాదాపు యథాతథంగా ఉంటుంది. ఆ హద్దు దాటాక ఒక్కసారిగా నీరుగారుతుంది. తొలి తెగింపును చెప్పేది స్నిగ్ధత. గడ్డ పరీక్ష ఆలస్యంగా చెబుతుంది. ఒక్క గడ్డ పరీక్షతో సరుకు నాణ్యతను తేల్చే పద్ధతిలోని లోపం ఇదే.

5. తెగే చోటు

గొలుసు ఎక్కడపడితే అక్కడ సమానంగా తెగదు. ఆమ్లంలో జరిగే జలవిశ్లేషణకు ముందుగా లొంగేది వంతెన గల కణుపును తరువాతి గాలక్టోజ్‌తో కలిపే బంధం. వంతెన వల్ల ఆ వలయం బిగుసుకొని ఉంటుంది. ఆ బిగింపు పక్క బంధాన్ని బలహీనపరుస్తుంది. గొలుసుకు గడ్డకట్టే శక్తినిచ్చిన నిర్మాణమే దాన్ని తెగేటట్లు కూడా చేస్తోంది. ఈ పదార్థాల తయారీలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇక్కడినుంచే పుడతాయి.

గ్రాసిలేరియా అగర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సహజస్థితిలో ఇందులో వంతెన ఏర్పడవలసిన కొన్ని కణుపుల 6వ స్థానంలో సల్ఫేట్ ఉండిపోతుంది. అందువల్ల గడ్డ మెత్తగా వస్తుంది. శైవలాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేస్తే ఆ సల్ఫేట్ తొలగి వంతెన ఏర్పడుతుంది, గడ్డ గట్టిపడుతుంది. కారజీనన్ పరిశ్రమలోనూ క్షారచికిత్స ఇదే సూత్రంతో సాగుతుంది. అయితే చికిత్స మోతాదు మించితే గొలుసులు తెగి స్నిగ్ధత పడిపోతుంది. చాలకపోతే వంతెనలు తక్కువవుతాయి. పైగా వంతెనలు పెరిగిన కొద్దీ తరువాతి దశలో ఆమ్లానికి లొంగే చోట్లు కూడా పెరుగుతాయి. పుల్లటి పళ్లరసంలో కారజీనన్ వేసి మరిగించకూడదని, ఆమ్లాన్ని వీలైనంత చివర కలపాలని ఆహారపరిశ్రమ పాటించే నియమానికి కారణం ఇదే. పీహెచ్ 4 కంటే దిగువన వేడి తోడైతే విచ్ఛేదనం వేగం అందుకుంటుంది.

పురి ఇక్కడ రక్షణ కల్పిస్తుంది. కప్పా, అయోటా కారజీనన్‌లపై 1990లలో నార్వే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, పురిపెట్టుకున్న స్థితిలోని గొలుసులు విడి చుట్టల స్థితిలోని వాటికంటే చాలా నెమ్మదిగా ఆమ్లానికి లొంగినట్లు తేలింది. ఒక పోగు తెగినా రెండవ పోగు పట్టి ఉంచుతుందన్నది తాడు పేనిన ఎవరికైనా తెలుసు. ఇక్కడ అంతకుమించి, పురిలో ఉన్న బంధం తెగడమే కష్టమవుతుంది. కనుక చల్లగా, పొటాషియం లవణంతో కూడి ఉన్న జెల్‌ను, వేడి ద్రావణాన్ని ఒకే తూకంతో తూచకూడదు.

సముద్రానికి తన సొంత కత్తెరలున్నాయి. 1902లో గ్రాన్ అనే శాస్త్రవేత్త నార్వే తీరంలో అగర్‌ను కరిగించే బాక్టీరియాను గుర్తించాడు. ఈ పని చేసే ఎంజైములను అగరేజ్‌లు, కారజీనేజ్‌లు అంటున్నాం. 2010లో 'నేచర్' పత్రికలో హెహెమాన్ బృందం ప్రకటించిన ఫలితం మరింత ఆసక్తికరం. పోర్ఫిరాలోని బహుశర్కరను తెంచే జన్యువు సముద్ర బాక్టీరియా నుంచి జపాను ప్రజల పేగుల్లోని బాక్టీరియాకు చేరిందని వారు చూపారు. తరతరాలుగా నోరి తిన్న ప్రజల పొట్టలోకి సముద్రపు కత్తెర వచ్చి చేరిందన్నమాట. విశాఖ రాళ్ల మీది పోర్ఫిరా ఎదుగుదలను ఉమామహేశ్వరరావు, శ్రీరాములు 1963లోనే గమనించి ప్రకటించారు. దాన్ని తినే అలవాటు మాత్రం మన వంటకాల్లోకి రాలేదు.

6. ఒకే పేరు, రెండు పదార్థాలు

1969లో మార్కస్, వాట్ అనే పరిశోధకులు విచ్ఛిన్న కారజీనన్ కలిపిన నీటిని తాగించిన గినీ పందుల పెద్దపేగులో పుండ్లు ఏర్పడినట్లు 'లాన్సెట్'లో ప్రకటించారు. అప్పటినుంచి కారజీనన్ మీద అనుమానం వీడలేదు. అయితే ఆ ప్రయోగాల్లో వాడినది ఆహారంలో కలిపే పదార్థం కాదు. దాన్ని పీహెచ్ 1 ప్రాంతపు గాఢ ఆమ్లతలో, 80 డిగ్రీలకుపైగా, గంటల తరబడి ఉంచి తయారుచేస్తారు. దాని సగటు అణుభారం 10 నుంచి 20 వేల డాల్టన్లు. తరువాతి కాలంలో దానికి 'పాలిజీనన్' అనే ప్రత్యేకనామం వచ్చింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ విచ్ఛిన్న కారజీనన్‌ను క్యాన్సర్ కారకం కావచ్చునన్న 2బి వర్గంలో ఉంచింది. సహజ కారజీనన్ వర్గీకరణకు ఆధారాలు చాలని 3వ వర్గంలోకి వెళ్లింది. పేరులో ఒక విశేషణం ఉందా లేదా అన్నదే రెండు వర్గాల మధ్య తేడా. ఆ విశేషణాన్ని వదిలివేసిన ప్రతి వార్తాకథనమూ పాఠకుణ్ణి తప్పుదారి పట్టించింది.

రెండు పేర్లు పెట్టినంత మాత్రాన ప్రశ్న తీరలేదు. గొలుసు పొడవు ఒక అవిచ్ఛిన్న శ్రేణి. ఏ నమూనాలోనైనా పొడవైనవీ పొట్టివీ కలిసే ఉంటాయి. అందుకే ఐరోపా నిబంధనలు ఇ-407 సంఖ్యగల ఈ పదార్థంలో 50 వేల డాల్టన్లకు దిగువన ఉండే భాగం 5 శాతం మించరాదన్నాయి. దీన్ని నమ్మకంగా కొలవడం ప్రయోగశాలలకు సులభం కాదు. సులభమైన రెండవ షరతు స్నిగ్ధతదే: 1.5 శాతం ద్రావణం 75 డిగ్రీల వద్ద 5 మిల్లీపాస్కల్-సెకన్లకు తగ్గకూడదు. ఇక్కడ చిక్కదనం వంటకపు రుచికి సంబంధించిన గుణం కాదు. గొలుసు తెగలేదనడానికి సాక్ష్యం. అయితే అది సగటును మాత్రమే చెప్పే సాక్ష్యం. పొడవైన గొలుసుల చాటున దాగిన పొట్టి ముక్కలను అది పట్టుకోలేదు. 2018లో ఐరోపా ఆహారభద్రతా సంస్థ ఈ పదార్థాన్ని పునఃపరిశీలించి, రోజుకు కిలో దేహభారానికి 75 మిల్లీగ్రాముల పరిమితిని తాత్కాలికంగానే నిర్ణయించింది. మరింత సమాచారం కోరింది. జఠరరసపు ఆమ్లం గొలుసును ఎంతవరకు తెంచుతుందన్న చర్చలో, పైన చెప్పిన పురి, ఉష్ణోగ్రత షరతులను పట్టించుకోని వాదనలు ఇరుపక్షాలలోనూ ఉన్నాయి.

7. తీరం మీద మొదలయ్యే విచ్ఛేదనం

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన సముద్రశైవలాల సాగుకు 640 కోట్ల రూపాయలు ఉద్దేశించింది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధనాసంస్థ కృషితో కప్పాఫైకస్ సాగు ఇప్పటికే తమిళనాడు తీరంలో నిలదొక్కుకుంది. రామనాథపురం జిల్లాలో శైవలాల సేకరణ ముఖ్యంగా మత్స్యకార స్త్రీల జీవనాధారం. ఉత్తరాంధ్ర తీరానికి ఈ పని విస్తరిస్తే మన మత్స్యకార కుటుంబాలు అమ్మేది ఎండిన శైవలం. కొనేవాడు లెక్కించేది అందులోని గొలుసు పొడవు. పంట ఎంత బరువు తూగిందన్నదానితో పాటు ఎంత తెగిపోయిందన్నది కూడా ధరలో భాగమవుతుంది.

తెగడం కర్మాగారంలో మొదలుకాదు. తడి శైవలాన్ని కుప్పపోస్తే లోపల వేడి పుడుతుంది, బాక్టీరియా పెరుగుతుంది, ఎంజైములు పని మొదలుపెడతాయి. ఇసుక మీద నేరుగా ఆరబోస్తే మట్టి, గుల్లలు కలుస్తాయి. సగం ఎండినదాని మీద వాన పడితే మళ్లీ తడిసి, పొటాషియం లవణాలు కొట్టుకుపోతాయి; పురికి ఆసరాగా ఉన్న అయాన్లు అవే. విశాఖ తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. హుద్‌హుద్ తీరం దాటినది 2014 అక్టోబరు 12న. ఆ నెలల్లో ఎండను నమ్ముకొని ఆరబెట్టడం కష్టం. నేలకు ఎత్తుగా కట్టిన వల మంచెలు, వానకు కప్పేందుకు పరదా, బాగా ఎండాకనే గోతాల్లోకి ఎత్తడం వంటి చిన్న ఏర్పాట్లే గొలుసును కాపాడతాయి. వీటిలో ఏదీ ఖరీదైన సాంకేతికత కాదు.

కొలత కూడా అంతే. ఓస్ట్వాల్డ్ విస్కోమీటర్ అనే గాజుగొట్టం, వేడినీటి తొట్టి, ఒక స్టాప్‌వాచ్ ఏ డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలోనైనా ఉంటాయి. ద్రావణం రెండు గీతల మధ్య ప్రవహించడానికి పట్టిన కాలాన్ని నీటికి పట్టిన కాలంతో పోల్చడం బి.ఎస్సీ. విద్యార్థులు చేసే ప్రయోగమే. ఒకే రోజున ఒకే రాతి నుంచి సేకరించిన హిప్నియాను రెండు భాగాలు చేసి, ఒకటి మంచె మీద, మరొకటి కుప్పలో ఉంచి, వారం తరువాత రెంటి నుంచీ ఒకే పద్ధతిలో తీసిన పదార్థాన్ని పలుచటి సమగాఢతా ద్రావణాలుగా చేసి, రెండూ గడ్డకట్టని వేడిలో ఆ గొట్టంలో పోస్తే, ఏది ముందుగా కిందికి దిగుతుందో గడియారమే చెబుతుంది.